తెగిన చోట మళ్లీ కలవడం: పసిపిల్లలతో బంధం ఎలా కుదురుతుంది

ఒక గదిలో తల్లి, ఆమెకు ఎదురుగా ఎత్తు కుర్చీలో కొద్ది నెలల పాప. ఇద్దరూ మంచి కబుర్లలో ఉన్నారు. పాప కిలకిలమంటే తల్లి కళ్లు పెద్దవి చేస్తుంది. పాప ఎటు చూస్తే తల్లీ అటు చూస్తుంది. ఇంతలో తల్లి తల పక్కకు తిప్పుకుంటుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ ముఖంలో ఏమీ ఉండదు. చూపు పాప మీదే ఉంటుంది కానీ నవ్వు లేదు, పలుకు లేదు, కనుబొమ కూడా కదలదు. పాప ముందు నవ్వి చూస్తుంది. ఫలితం ఉండదు. ముందుకు వంగి చేతులు చాపుతుంది, గట్టిగా కేక పెడుతుంది. ఎంతకూ ఆ ముఖం మారకపోయేసరికి చూపు తిప్పేసుకుని, వేళ్లు నోట్లో పెట్టుకుని, చివరికి ఏడుపు లంకించుకుంటుంది. ఇదంతా జరగడానికి రెండు మూడు నిమిషాలు చాలు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970ల్లో రూపొందించిన ప్రయోగమిది. దీన్ని 'నిశ్చల ముఖం' ప్రయోగం అనుకోవచ్చు. చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పిల్లల పెంపకం గురించి మాట్లాడేవారికి ఇది చేతికందిన ఆయుధమైపోయింది. 'చూశారా, రెండు నిమిషాలు పట్టించుకోకపోతేనే ఇంత' అంటూ తల్లిదండ్రుల నెత్తిన నేరభావం పెట్టి పోతుంటారు. కానీ ఈ ప్రయోగంలో మూడో భాగం ఒకటుంది. దాని గురించి అంతగా చెప్పరు. తల్లి ముఖంలోకి మళ్లీ ప్రాణం వస్తుంది. పాప వెంటనే కరగదు. అనుమానంగా చూస్తుంది, నవ్వబోయి ఏడుస్తుంది, కాసేపు బెట్టు చేస్తుంది. తల్లి విసుక్కోకుండా పలకరిస్తూ ఉంటే మెల్లగా దారికొస్తుంది, ఆట మళ్లీ మొదలవుతుంది. పసిపిల్లలతో బంధం గురించి నేర్చుకోవలసిందంతా దాదాపు ఆ మూడో భాగంలోనే ఉంది.

ట్రోనిక్ బృందం ఆ తర్వాత మామూలు తల్లీబిడ్డల ఆటపాటలను క్షణం క్షణం లెక్కగట్టి చూసింది. ఎంతో అన్యోన్యంగా కనిపించే జంటల్లో కూడా ఇద్దరి మనఃస్థితీ సరిగ్గా కలిసేది మొత్తం సమయంలో సుమారు మూడో వంతు మాత్రమే. మిగతాదంతా తాళం తప్పడమే. బిడ్డ ఆడుకుందామంటే తల్లి ముక్కు తుడుస్తుంది. తల్లి నవ్విస్తుంటే బిడ్డకు నిద్ర ముంచుకొస్తుంది. తేడా ఎక్కడంటే, ఆరోగ్యంగా ఉన్న జంటలు తప్పిన తాళాన్ని కొద్ది క్షణాల్లో తిరిగి అందుకుంటాయి. ఒకసారి కాదు, రోజుకు వందల సార్లు. తప్పిపోయినా మళ్లీ కలుస్తామన్న నమ్మకం బిడ్డ ఒంట్లోకి ఇంకేది ఆ వందల సార్ల వల్లే.

ఇప్పుడు ఇది సహజంగా తోస్తుంది కానీ నిన్నమొన్నటి వరకు పండితుల మాట వేరుగా ఉండేది. 1928లో జాన్ వాట్సన్ అనే ప్రఖ్యాత అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలను ముద్దు పెట్టుకోవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని, పొద్దున లేవగానే కరచాలనం చేస్తే సరిపోతుందని తల్లిదండ్రులకు బోధించాడు. పాలిచ్చేది తల్లి కనుక బిడ్డ ఆమెను అంటిపెట్టుకుంటుందన్నది అప్పటి సిద్ధాంతం. అంటే ప్రేమ ఆకలికి పుట్టిన అలవాటు. 1958లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ హార్లో దీన్ని కోతిపిల్లలతో పరీక్షించాడు. పాలసీసా అమర్చిన తీగబొమ్మ ఒకటి, పాలు లేకపోయినా మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి బోనులో పెట్టాడు. పిల్లలు పాల కోసం తీగబొమ్మ దగ్గరికి వెళ్లి, తాగగానే వచ్చి గుడ్డబొమ్మను కరుచుకునేవి. రోజులో ఎక్కువ భాగం దాని మీదే గడిపేవి. బెదిరినప్పుడూ దాని దగ్గరికే పరుగెత్తేవి. ఆ కోతిపిల్లలు పడ్డ యాతన తలచుకుంటే ఈ ప్రయోగాన్ని మెచ్చుకోబుద్ధి కాదు. అయినా 'పాలిస్తే చాలు' అన్న సిద్ధాంతం దానితో బాగా దెబ్బతింది.

అదే కాలంలో లండన్‌లో మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లోని పిల్లలను గమనిస్తున్నారు. పిల్లలు ఆసుపత్రిలో చేరితే తల్లిదండ్రులను అరుదుగా మాత్రమే చూడనిచ్చే రోజులవి. చూసి వెళ్లేటప్పుడు పిల్లలు ఏడుస్తారు కాబట్టి అసలు రాకపోవడమే మేలని సిబ్బంది వాదన. 1952లో రాబర్ట్‌సన్ చిన్న శస్త్రచికిత్స కోసం 8 రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను కెమెరాతో చిత్రీకరించాడు. ఆ పాప గోల చేయదు. ఏడుపు దిగమింగుకుని ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటుంది. వార్డులో అందరూ 'సర్దుకుంది' అనుకునే ఆ నిశ్శబ్దం పాప ఆశ వదులుకోవడమేనని రాబర్ట్‌సన్ చూపించాడు. వైద్యులు మొదట మండిపడ్డారు. 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఒకటి తల్లిదండ్రులను పిల్లల దగ్గరికి ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫార్సు చేసింది. ఈ రోజు పసివాడి మంచం పక్కన తల్లికి చోటు దొరుకుతున్నదంటే అందులో ఆసుపత్రిలో 8 రోజులు గడిపిన ఆ పాపకూ వాటా ఉంది.

ఏడవని పిల్లలు బాగున్నట్టేనా అన్న ప్రశ్నకు మరింత గట్టి జవాబు మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ దగ్గర దొరుకుతుంది. ఆమె 1954-55లో ఉగాండా పల్లెల్లో, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డలను గంటల తరబడి గమనించింది. ఆ అనుభవంతో 20 నిమిషాల పరీక్ష ఒకటి తయారుచేసింది. ఏడాది, ఏడాదిన్నర వయసు బిడ్డ తల్లితో పాటు కొత్త గదిలోకి వస్తుంది. బొమ్మలుంటాయి. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగి వస్తుంది, మరోసారి వెళ్లి వస్తుంది. ఎయిన్స్‌వర్త్ దృష్టి పెట్టింది తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్న దాని మీద కాదు. తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్న దాని మీద. ఇక్కడా కీలకం మళ్లీ కలవడమే.

కొందరు పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చినా తల్లి కనిపించగానే చేతులు చాపి, భుజం మీద కాసేపు వాలి, కుదుటపడి బొమ్మల దగ్గరికి తిరిగి వెళ్తారు. ఇది భద్రమైన అనుబంధం. కొందరు తల్లిని గట్టిగా పట్టుకుంటూనే కాళ్లతో తన్నుతారు, ఎంత ఊరడించినా ఊరుకోరు. ఉంటుందో వెళ్తుందో తెలియని ఆసరాను వదలడానికి భయమన్నమాట. ఇక మూడో రకం పిల్లలు తల్లి వెళ్లినా పట్టించుకోరు, వచ్చినా పట్టించుకోరు, బొమ్మతో ఆడుతూనే ఉంటారు. 'ఎంత బుద్ధిమంతుడో' అనిపించుకునేది వీళ్లే. 1977లో పరిశోధకులు ఇలాంటి పిల్లల గుండె వేగాన్ని కొలిచి చూశారు. పైకి అంత నిబ్బరంగా ఉన్న పిల్లల గుండె కూడా ఏడ్చే పిల్లల గుండెలాగే దడదడలాడుతోంది. ఏడిస్తే విసుక్కునే పెద్దల దగ్గర ఏడవకుండా ఉండటం వాళ్లు నేర్చుకున్నారు, అంతే. 1986లో మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ నాలుగో రకాన్ని గుర్తించారు. ఆసరా ఇవ్వాల్సిన మనిషే భయపెడుతున్నప్పుడు బిడ్డకు దగ్గరికి పోవాలో, పారిపోవాలో తెలియదు. సగం దూరం వచ్చి బిగుసుకుపోతుంది.

ఈ పరీక్ష ఎన్నో దేశాల్లో జరిగింది. 1988లో 8 దేశాలకు చెందిన దాదాపు 2,000 మంది పిల్లల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే సుమారు 65 శాతం మంది భద్రమైన అనుబంధం ఉన్నవారే. పెంపకం పద్ధతులు దేశానికో తీరుగా ఉన్నా మెజారిటీ మాత్రం దాదాపు అన్నిచోట్లా ఇదే. అంటే ఇదేమీ దొరకని వరం కాదు. మామూలు మనుషులు మామూలు ఇళ్లలో సాధిస్తున్నదే.

ఏడ్వగానే ఎత్తుకుంటే చంక దిగరన్న మాట ఇక్కడ తప్పక వస్తుంది. ఎత్తుకోనంటే ఎంతసేపు ఏడుస్తారు, వాళ్లే ఊరుకుంటారు అని కూడా అంటారు. 1972లో ఎయిన్స్‌వర్త్, సిల్వియా బెల్ 26 మంది పసివారిని ఏడాది పొడవునా గమనించి, తొలి నెలల్లో ఏడుపుకు త్వరగా పలికిన ఇళ్లలో ఏడాది చివరికి పిల్లలు తక్కువగా ఏడుస్తున్నారని తేల్చారు. ఆ లెక్కలు కట్టిన పద్ధతి మీద వాదోపవాదాలు జరిగాయి. లెక్కలు పక్కన పెట్టినా ఒక విషయం తేటగా ఉంది. మూడు నెలల బిడ్డ ఏడిచి సాధించుకోవాలని పథకం వేయలేదు. అందుకు కావాల్సిన మెదడు దానికి ఇంకా రాలేదు. ఉద్రేకాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా పక్వమయ్యేది ఇరవై ఏళ్లు దాటాకే. అప్పటిదాకా, ముఖ్యంగా తొలి ఏళ్లలో, బిడ్డ తన గుండె వేగాన్ని, ఊపిరిని, భయాన్ని పెద్దల ఒంటి ద్వారానే అదుపు చేసుకుంటుంది. ఎత్తుకుని మెల్లగా ఊపుతూ తక్కువ గొంతుతో మాట్లాడితే బిడ్డ ఊరుకోవడం వెనుక ఉన్నది ఇదే. పెద్దల నెమ్మది బిడ్డకు అరువు దొరుకుతుంది. అలా వేలసార్లు అరువు తెచ్చుకున్నాకే సొంతంగా నెమ్మదించడం చేతనవుతుంది. ముందే ఇవ్వకుండా 'తనే నేర్చుకోవాలి' అనడం నీళ్లు పోయకుండా మొక్క ఎదగాలనడమే.

నడక వచ్చాక కథ మారుతుంది. ఇక్కడే పెద్దలు ఎక్కువగా తడబడతారు. అంతవరకు ఒళ్లో ఒదిగిన బిడ్డకు ఇప్పుడు సొంత ఇష్టాలు వచ్చాయి. ఒక పొద్దుటి పూట చూద్దాం. బయటికి వెళ్లే హడావిడి. మూడేళ్ల పాప గుమ్మం దగ్గర కూర్చుని ఎడమకాలి బూటు కుడికాలికి ఎక్కిస్తోంది. తండ్రి వంగి సరిచేయబోతే 'నేనే, నేనే' అని చేయి తోసేస్తుంది. మరో రెండు నిమిషాలు. పట్టీ బిగుసుకోదు. తండ్రి గడియారం చూసుకుంటాడు, బూటు లాక్కుని తొడిగేస్తాడు. పాప దాన్ని పీకి గోడకేసి కొడుతుంది. తండ్రి గట్టిగా అరుస్తాడు. పాప ముందు బిక్కచచ్చిపోయి, తర్వాత నేల మీద పడి ఏడుస్తుంది.

ఈ దృశ్యం జరగని ఇల్లు ఉండదు. జరగకుండా చూసుకోవడం ఎలాగో చెప్పే సలహాలకూ కొరత లేదు. పావుగంట ముందు లేవండి, బూట్లు ముందే సర్దండి, రెండు జతల్లో ఒకటి ఎంచుకోమనండి. మంచివే, పాటిస్తే కొన్ని రోజులు గట్టెక్కుతాయి కూడా. కానీ పాప మనసులో ఏం మిగులుతుందన్నది తర్వాతి పది నిమిషాల మీద ఆధారపడుతుంది. తండ్రి మాట్లాడకుండా విసవిసా నడిచి, సాయంత్రానికి అంతా మరిచిపోయినట్టు ఉంటే పాపకు అర్థమయ్యేది ఒకటే: కోపం వస్తే నాన్న మాయమవుతాడు, ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. బుజ్జగించడానికి కొత్త బొమ్మ కొనిస్తే అర్థమయ్యేది ఇంకొకటి: ఏడుపుకు ఒక ధర ఉంది. ఇలా కాకుండా తండ్రి రెండు ఊపిరులు తీసుకుని, పాప ఎత్తుకు దిగి కూర్చుని, 'నువ్వే వేసుకోవాలనుకున్నావు. నేను లాగేసుకున్నాను. కోపం వచ్చింది కదూ. నేను అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది' అంటే చాలు. బూటు విసరడం తప్పేనని కూడా చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కాకపోతే ఏడుపు కాస్త తగ్గాక. ఉధృతంగా ఏడుస్తున్న బిడ్డ చెవికి నీతి ఎక్కదు. కోపం తప్పు కాదు, విసరడం తప్పు అనే తేడాను మూడేళ్ల పాప ఒక్కసారికే గ్రహించదు. వంద బూట్ల తర్వాత గ్రహిస్తుంది.

పిల్లలకు క్షమాపణ చెబితే లోకువైపోతామన్న జంకు చాలామందిలో ఉంటుంది. జరిగేది దానికి విరుద్ధం. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లలకు, తప్పు చేసినంత మాత్రాన ప్రేమ పోదని తెలుస్తుంది. ఆ ధీమా ఉన్నవాళ్లు అబద్ధం చెప్పాల్సిన అవసరం తక్కువ. అయితే ఒక షరతు ఉంది. రోజూ అరిచి రోజూ క్షమాపణ చెబితే అది అతుకు అనిపించుకోదు, అదొక తంతు అవుతుంది. కొట్టడం, అవమానించడం, వదిలేసి పోతానని బెదిరించడం అలవాటుగా ఉన్నచోట తర్వాతి తీపి మాటలు బిడ్డను మరింత అయోమయంలో పడేస్తాయి. పైన చెప్పిన నాలుగో రకం అనుబంధానికి దారి తీసేది ఇలాంటి భయమే.

రోజంతా ఇంట్లో ఉంటేనే బంధం కుదురుతుందా? ఉద్యోగాలకు వెళ్లే తల్లులను ఎక్కువగా కోసేది ఈ ప్రశ్నే. తండ్రులను ఎవరూ అడగరన్నది వేరే సంగతి. 1964లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ 60 మంది పసివారిని ఏడాదిన్నర వయసు దాకా అనుసరించారు. పిల్లలు ఎక్కువ మాలిమి అయింది ఎక్కువసేపు దగ్గరున్నవారికి కాదు, తమ పిలుపుకు ఎక్కువగా పలికినవారికి. చాలామంది పిల్లలు ఏడాదిన్నర వచ్చేసరికి ఒకరికి మించి పెద్దవాళ్లతో గాఢమైన అనుబంధం పెంచుకున్నారు: తండ్రి, తాతయ్య, అమ్మమ్మ, పొరుగింటివారు కూడా. 1991లో అమెరికాలో మొదలై 1,300కు పైగా పిల్లలను పుట్టుక నుంచి అనుసరించిన మరో పెద్ద అధ్యయనం, బిడ్డను పగలు వేరేవారి సంరక్షణలో ఉంచినంత మాత్రాన తల్లితో అనుబంధం బలహీనపడదని చెప్పింది. ఇంట్లో తల్లి స్పందన తక్కువగా ఉండి, బయటి సంరక్షణ కూడా నాసిరకంగానో, మరీ ఎక్కువ గంటలుగానో ఉంటేనే ప్రమాదం పెరిగింది. ఇలా చూస్తే, వారంలో ఒక ఆదివారం పూట ప్రత్యేకంగా కేటాయించి పిల్లలను ఎక్కడెక్కడికో తిప్పడం కన్నా, స్నానం చేయించే పది నిమిషాలు నీళ్లలో తేలే మగ్గు గురించి బిడ్డ చెప్పే కథకు ఊ కొట్టడం ఎక్కువ పని చేస్తుంది.

ఊ కొట్టడానికి ఇప్పటి పెద్ద అడ్డంకి ఫోను. దీన్ని భూతంలా చూపడం అనవసరం. ఇంటి పని చేస్తూ పిల్లల వైపు చూడని క్షణాలు అన్ని తరాల్లోనూ ఉన్నాయి. అయితే గిన్నెలు తోముతున్న మనిషి ఏం చేస్తోందో బిడ్డకు కనిపిస్తుంది, పిలిస్తే తల తిరుగుతుంది. ఫోనులో మునిగిన ముఖం మాత్రం ఆ నిశ్చల ముఖానికి దగ్గరి చుట్టం. 2017లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో తల్లులు తమ రెండేళ్ల పిల్లలకు రెండు కొత్త పదాలు నేర్పారు. ఒక పదం నేర్పేటప్పుడు మధ్యలో ఫోను మోగింది. ఆగకుండా నేర్పిన పదం పిల్లలకు వచ్చింది, ఫోను మోగినప్పటి పదం రాలేదు. రెండు పదాలనూ పలికినన్ని సార్లు ఒకటే. తప్పనిసరి ఫోను వస్తే 'ఒక్క నిమిషం, మాట్లాడి వస్తాను' అని చెప్పి వెళ్లి, నిజంగానే తిరిగి వచ్చి ఆట ఆగిన చోటే అందుకోవడం మేలు.

ఈ రంగంలో అతిశయోక్తులకూ కొదవ లేదు. పుట్టిన తొలి గంటల్లో బిడ్డను గుండెలకు హత్తుకోకపోతే బంధం ముడిపడదన్న మాట 1970ల్లో బాగా ప్రచారమైంది. చర్మం చర్మానికి తగలడం శిశువుకు మేలు చేస్తుంది, నిజమే. కానీ ఆ గంటలు దాటితే తలుపు మూసుకుపోతుందనడానికి ఆధారం నిలవలేదు. ఆపరేషన్ వల్ల, నెలలు నిండని కాన్పు వల్ల విడిగా ఉండాల్సి వచ్చిన తల్లులు, దత్తత తీసుకున్న తల్లిదండ్రులు ఈ ప్రచారం వల్ల అనవసరంగా కుమిలిపోయారు. తల్లి స్పందనకూ బిడ్డ అనుబంధానికీ ఉన్న సంబంధం కూడా, పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఒక మోస్తరుదే. బిడ్డ స్వభావం, ఇంటి ఆర్థిక ఒత్తిడి, దాంపత్యంలో శాంతి, అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. బ్రిటిష్ పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1953లోనే లోపం లేని తల్లి అక్కర్లేదని, 'చాలినంత మంచి తల్లి' ఉంటే చాలని అన్నాడు. ఈ విషయంలో ఇంతకన్నా తెలివైన మాట అరుదు.

ఆలస్యానికి మాత్రం మూల్యం లేకపోలేదు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసివారిని 2000 తర్వాత పరిశోధకులు అనుసరించారు. సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంచి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబంలోకి వెళ్లినవారు కోలుకున్నారు, అందులోనూ రెండేళ్లలోపు వెళ్లినవారు అనుబంధం విషయంలో ఎక్కువగా కోలుకున్నారు. తిండి, బట్ట, పైకప్పు శరణాలయంలోనూ ఉన్నాయి. ఒక్కో మనిషికి డజనుకు పైగా పిల్లలు, వేళకు మారిపోయే ఆయాలు. ఏడిస్తే వచ్చేది ఎవరో ఆ బిడ్డలకు ఎప్పుడూ తెలియదు.

పెద్దవాళ్ల మనసు గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. కాన్పు తర్వాత దిగులు వారాల తరబడి వదలని తల్లికి 'బిడ్డతో నవ్వుతూ మాట్లాడు' అన్న సలహా పుండు మీద కారమే. అది చికిత్సతో తగ్గే జబ్బు, వైద్యుల దగ్గరికి వెళ్లవలసిన విషయం. ఆ రోజుల్లో బిడ్డను తండ్రో, అమ్మమ్మో ఎత్తుకుని ఆడించడం తల్లికీ బిడ్డకూ మేలు. ఇక బాల్యంలో తాము దెబ్బలు తిన్నవారు తమ పిల్లలకూ అదే ఇస్తారన్న భయం ఒకటుంది. 1991లో లండన్‌లో పీటర్ ఫోనగీ బృందం తొలి కాన్పు కోసం ఎదురుచూస్తున్న సుమారు వంద మంది గర్భిణులను వాళ్ల బాల్యం గురించి అడిగింది. ఆ జవాబులను బట్టి, పుట్టబోయే బిడ్డకు ఏడాది వయసులో తల్లితో భద్రమైన అనుబంధం ఉంటుందో లేదో ముందే ఊహించింది. నలుగురిలో ముగ్గురి విషయంలో ఊహ నిజమైంది. వాళ్లు చూసింది బాల్యం సుఖంగా గడిచిందా అని మాత్రమే కాదు. ఆ తల్లి తన కథను, అందులో చేదు ఉన్నా సరే, దాచకుండా, అందులో కొట్టుకుపోకుండా చెప్పగలుగుతోందా అని చూశారు. చేదు బాల్యం గడిచినవారిలోనూ అలా చెప్పగలిగినవారు ఉన్నారు, వాళ్ల పిల్లలు తల్లి ఒళ్లో కుదురుగానే ఉన్నారు.

కథ చెప్పుకోవడం పిల్లలకూ అంతే అవసరం. బూటు గొడవ జరిగిన రాత్రి పక్క మీద వాలాక ఆ మూడేళ్ల పాప ఉన్నట్టుండి 'నాన్నా, పొద్దున నువ్వు అరిచావు' అనవచ్చు. అయిపోయిన గొడవ మళ్లీ ఎందుకు, పడుకో అనాలనిపిస్తుంది. తండ్రి 'అవును, అరిచాను. నువ్వు భయపడ్డావు' అంటాడు. పాప 'బూటు గోడకు తగిలింది' అంటుంది. 'తగిలింది. చప్పుడు కూడా వచ్చింది.' పాప కాసేపు ఆలోచించి, చీకట్లో ఒక కాలు పైకెత్తి, 'ఇది ఏ కాలు?' అని అడుగుతుంది.